కుక్కపిల్లను తెచ్చే ముందు

మనిషి మచ్చిక చేసుకున్న జంతువులలో మొట్టమొదటిది కుక్క. ఆవు, మేక, గుర్రం మన ముంగిలికి రాకముందే, మనిషి ఇంకా వ్యవసాయం నేర్చుకోకముందే కుక్క అతని వెంట నడిచింది. తోడేలు జాతి నుంచి విడివడి అది మనిషి పంచన చేరి కనీసం పద్నాలుగు వేల ఏళ్ళు అయిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంత పాత స్నేహం మరే జంతువుతోనూ మనకు లేదు. అందుకే కాబోలు, కుక్కపిల్ల కనబడగానే పిల్లల చేతులు వాటంతటవే ముందుకు సాగుతాయి. "అమ్మా! దీన్ని మనింటికి తెచ్చుకుందామే!" అని అడగని పిల్లలు అరుదు.

బరంపురంలోనైనా, ఛత్రపురంలోనైనా, గోపాల్‌పూర్ దగ్గరి పల్లెలోనైనా ఈ కోరిక ఏదో ఒక రోజు ఇంట్లో తలెత్తుతుంది. బడి నుంచి వచ్చే దారిలో ఏ కూరల అంగడి వెనుకనో కుక్క ఈనుతుంది. నాలుగైదు పిల్లలు దొర్లుతూ ఆడుకుంటాయి. ఆ సాయంకాలం ఇల్లు రెండు పక్షాలవుతుంది. పిల్లలు "తెద్దాం" అంటారు, పెద్దలు "వద్దు" అంటారు. చివరకు ఎవరి పట్టుదల ఎక్కువైతే వారి మాట నెగ్గుతుంది. ఏడ్చి సాధించుకున్న పిల్లలూ ఉంటారు. గదమాయించి నోరు మూయించిన పెద్దలూ ఉంటారు.

ఈ రెండు పద్ధతులూ సరైనవి కావని నా అభిప్రాయం. కుక్కపిల్లను తేవడమంటే బొమ్మను కొనడం కాదు. అది పన్నెండు, పదిహేనేళ్ళకు ఇచ్చే మాట. ఆ మాటను ఇల్లంతా కలిసి ఇవ్వాలి. అలా ఇవ్వలేనప్పుడు తేకపోవడమే దయ.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. మీకిప్పుడు పన్నెండేళ్ళు అనుకుందాం. ఈ రోజు ఇంటికి వచ్చిన కుక్కపిల్ల, బాగా చూసుకుంటే, మీకు ఇరవై నాలుగో ఇరవై అయిదో ఏడు వచ్చేదాకా బతుకుతుంది. అది ముసలిదై, కళ్ళు మసకబారి, మెట్లు ఎక్కలేని రోజుల్లో మీరు ఎక్కడ ఉంటారు? భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో పైచదువులు చదువుతూ ఉండవచ్చు. ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్ళి ఉండవచ్చు. మన గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల పనికి వలస వెళ్ళే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ కుటుంబం కూడా వాటిలో ఒకటి కావచ్చు. ఎవరు ఎక్కడికి వెళ్ళినా, ఇంటి ముందు కూర్చున్న ఆ ప్రాణికి పూటపూటకూ అన్నం, నీళ్ళు కావాలి. కాబట్టి "నేను చూసుకుంటాను" అనే పిల్లవాడి మాట ఎంత నిజాయితీ గలదైనా, అదొక్కటే చాలదు. ఆ మాట వెనుక అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు కూడా నిలబడాలి.

ఇంట్లో ఈ చర్చ ఎలా సాగాలో తెలుసుకోవడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. వాళ్ళది బరంపురం. తండ్రి పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాడు. తల్లి ఇంట్లో అప్పడాలు చేసి అమ్ముతుంది. మామ్మ ఉంది. ఏడో తరగతి చదివే అబ్బాయి, నాలుగేళ్ళ చెల్లెలు ఉన్నారు. ఒక రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి కుక్కపిల్ల మాట ఎత్తాడు.

"అప్పడాలు మేడ మీద ఆరబెడతాను కదా నాన్నా! దాని బొచ్చు ఒక్కటి కనబడినా మళ్ళీ మన గుమ్మం ఎవరు తొక్కుతారు?" అంది తల్లి.

"నా చూపు అంతంతమాత్రం. చీకట్లో కాళ్ళకు అడ్డం పడిందంటే నేను మంచం ఎక్కవలసిందేరా బాబూ! దేవుడి గదిలోకి వచ్చినా నాకు మనసొప్పదు" అంది మామ్మ.

"సంక్రాంతికి మీ తాతగారి ఊరు వెళ్తాం. ఆ వారం రోజులూ దానికి అన్నం ఎవరు పెడతారు? టీకాల ఖర్చు ఉంటుంది. పైగా మనది అద్దె ఇల్లు. ఇంటివారిని అడగాలి" అన్నాడు తండ్రి.

చెల్లెలు ఏమీ అనలేదు. వీధిలో కుక్క మొరిగితే అమ్మ కొంగు చాటుకు పోయే పిల్ల అది.

ఈ మాటల్లో ఒక్కటి కూడా కొట్టిపారేయదగింది కాదు. తల్లి చెప్పింది ఇంటి సంపాదన సంగతి. అదీగాక, మొదటి నెలల్లో కుక్కపిల్ల ఇల్లంతా పాడుచేస్తుంది. అబ్బాయి బడికి వెళ్ళాక దాన్ని శుభ్రం చేసేది ఎవరు? ఆమే. పని ఎవరి మీద పడుతుందో వారి మాటకు ఎక్కువ విలువ ఉండాలి. మామ్మ మాటను చాదస్తమని నవ్వి ఊరుకుంటారు కొందరు. కాని పెద్ద వయసులో కాలు జారి పడితే ఎముక విరుగుతుంది, నెలల తరబడి లేవలేరు. తండ్రి లేవనెత్తినవి ప్రతి ఇంటికీ ఉండే ఇబ్బందులు. ఇక చెల్లెలి మౌనం. దాన్ని ఒప్పుకోలు అనుకోకూడదు. చిన్నపిల్ల అయినా ఆమె కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. "నీకు భయమా తల్లీ?" అని దగ్గర కూర్చోబెట్టుకుని అడగాలి.

ఇలాంటప్పుడు అబ్బాయి చేయవలసింది అలగడం కాదు, ఒక్కొక్క మాటకూ జవాబు వెతకడం. మేడ మెట్ల దగ్గర చిన్న తలుపు పెట్టవచ్చు. దేవుడి గది గుమ్మానికి అడ్డుపలక చాలు. కుక్కపిల్ల మెడకు చిరుగంట కడితే అది ఎక్కడుందో మామ్మకు వినబడుతుంది. సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడు అన్నం పెట్టడానికి ఏ స్నేహితుడి ఇంటివారు ఒప్పుకుంటారో ముందే కనుక్కోవచ్చు. జవాబులు దొరికితే సంతోషం. దొరకకపోతే అది కూడా తెలుసుకోవలసిన సంగతే.

జవాబులన్నీ దొరికిన ఇంటికి కూడా నేనొక సలహా ఇస్తాను. కుక్కపిల్ల కన్నా ముందు దాని పని ఇంటికి రావాలి. ఒక నెల రోజులు అబ్బాయి తెల్లవారగానే లేచి ముంగిలి ఊడ్చి కడగాలి. ఉదయం, సాయంకాలం చెరొక అరగంట వీధిలో నడిచి రావాలి. నీళ్ళ గిన్నె తోమి నింపాలి. చిరుతిళ్ళకు ఇచ్చిన డబ్బులో కొంత టీకాల కోసం డబ్బాలో వేయాలి. వాన పడినా, పరీక్షలు ఉన్నా, పక్క వీధిలో క్రికెట్ ఆడుతున్నా ఈ పని ఆగకూడదు. ముప్పై రోజులు గడిచాక కూడా ఉత్సాహం మిగిలి ఉంటే కుక్కపిల్లను తేవచ్చు. పదో రోజుకే విసుగు పుడితే ఆ ఇంటికి ఇంకా సమయం రాలేదని అర్థం. ఈ పరీక్షలో ఓడినా ఎవరికీ నష్టం లేదు. కుక్కపిల్ల వచ్చాక ఓడితే మాత్రం నష్టపోయేది కుక్కపిల్లే.

ఇల్లంతా ఒప్పుకుంది. ఇక ఎలాంటి కుక్కపిల్లను తేవాలి? ఈ రోజుల్లో చాలామంది పిల్లలు ఫోనులో చూసిన నీలికళ్ళ సైబీరియన్ హస్కీని కోరుకుంటారు. అది మంచు దేశంలో బండ్లు లాగడానికి పెరిగిన జాతి. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పుతూనే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పు కూడా అంతగా పనిచేయదు. సముద్రం దగ్గర ఉన్న మన ఊళ్ళలో మే నెల ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు తెలుసు. పలుచని నూలు బట్టలు వేసుకున్న మనమే తాళలేం. రెండు కంబళ్ళు కప్పుకున్నట్టుండే ఆ జంతువు సంగతి చెప్పాలా?

మన ఊరకుక్క అలాంటిది కాదు. పొట్టి బొచ్చు, సన్నని నడుము, చురుకైన చెవులు దాని సొత్తు. మన ఎండకూ మన వానకూ తరతరాలుగా అలవాటు పడిన ప్రాణి అది. అయినా "ఊరకుక్క" అనే మాటను మనం తిట్టుగా వాడతాం. ఎవరో వేలకు వేలు పోసి కొన్న సీమకుక్కను చూసి ముచ్చటపడి, మన గుమ్మం ముందున్న దాన్ని రాయి పుచ్చుకుని తరుముతాం. సీమకుక్కలు చెడ్డవని నేననడం లేదు. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటిని ప్రేమగా చూసుకోవలసిందే. కాని కొత్తగా తేవాలనుకునే ఇల్లు డబ్బు పోసి కొనే ముందు ఒక్కసారి తన వీధి వైపు చూడాలని నా కోరిక.

వీధికుక్క ఎందులోనూ తక్కువ కాదనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1957 నవంబరు 3న సోవియట్ యూనియన్ స్పుత్నిక్-2 ఉపగ్రహంలో లైకా అనే కుక్కను అంతరిక్షంలోకి పంపింది. భూమి చుట్టూ కక్ష్యలో తిరిగిన తొలి జంతువు అదే. లైకా ఏ సంపన్నుల ఇంటి కుక్కా కాదు. అది మాస్కో వీధుల్లో దొరికింది. చలికీ ఆకలికీ ఓర్చుకోగలదని శాస్త్రజ్ఞులు అలాంటి కుక్కను ఎంచుకున్నారు. కాని దానిని తిరిగి భూమికి తెచ్చే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో లేదు. బయలుదేరిన కొన్ని గంటలకే అది వేడికి తాళలేక చనిపోయిందన్న సంగతి 2002లో గాని లోకానికి తెలియలేదు. లైకా ఓర్పును మనం మెచ్చుకుంటాం. దానితో పాటు మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక ప్రాణిని మన చేతుల్లోకి తీసుకునే ముందు, చివరిదాకా దాని గతి ఏమిటో ఆలోచించాలి.

కుక్కపిల్లను ఎప్పుడు తేవాలన్నది కూడా ముఖ్యమే. పుట్టిన రెండు వారాలకు గాని దానికి కళ్ళు తెరుచుకోవు. ఆ తరువాత తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య అది ఎన్నో నేర్చుకుంటుంది. ఎంత గట్టిగా కొరికితే పక్కదానికి నొప్పి పుడుతుందో కూడా ఆ ఆటల్లోనే తెలుసుకుంటుంది. కాబట్టి ముద్దుగా ఉంది కదా అని మూడు వారాల పిల్లను తల్లి నుంచి లాక్కురాకూడదు. రెండు నెలలు నిండాలి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు కూడా చెబుతున్నాయి. తెచ్చిన తరువాత అందరూ దానితో ఒకే మాట వాడాలి. మన ఇళ్ళలో తెలుగు, వీధిలో ఒడియా వినబడతాయి. అమ్మ "రా" అని, పక్కింటివారు "ఆస" అని, అన్న "కమ్" అని పిలిస్తే కుక్కపిల్ల తికమకపడుతుంది. ఏ భాషలో పిలవాలో ముందే నిర్ణయించుకోండి. పిలుపు ఏదైనా గొంతులో కోపం ఉండకూడదు.

ఇక అన్నిటికన్నా శ్రద్ధగా వినవలసిన విషయం రేబిస్. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. జబ్బు ఉన్న జంతువు కరిచినా, గోటితో గీరినా, మన పుండును నాకినా దాని లాలాజలం ద్వారా వైరస్ మన శరీరంలో చేరుతుంది. నరాల వెంట మెల్లగా పాకి మెదడుకు చేరుతుంది. లక్షణాలు పైకి కనబడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జబ్బు ఉందని అనుమానించే జంతువులు కరిచినవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళ లోపు పిల్లలే.

అయితే ఇది నూటికి నూరుపాళ్ళు ఆపదగిన జబ్బు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి తాను కనిపెట్టిన టీకాను వేయించాడు. ఆ బాలుడు బతికాడు. ఒకప్పుడు మన దేశంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవారు. ఆ భయంతోనే ఎందరో ఆసుపత్రికి వెళ్ళేవారు కాదు. ఇప్పుడు ఆ పాత మందు లేదు. నాలుగైదు మోతాదుల్లో చేతికి టీకా వేస్తారు. కుక్క కరిస్తే వెంటనే పంపు కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాల పాటు గాయాన్ని కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి వంటివేవీ పూయకూడదు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి.

"మొరిగే కుక్క కరవదు" అని సామెత ఉంది. దాన్ని నమ్ముకుని మొరిగే కుక్క దగ్గరికి వెళ్ళకండి. "చిన్న పిల్లే కదా, పాలపళ్ళే కదా" అని కుక్కపిల్ల కాటును తేలిగ్గా తీసుకోకండి. కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉండవచ్చు. అమ్మ తిడుతుందనో, కుక్కపిల్లను పంపేస్తారనో కాటు సంగతి దాచకండి. తిట్లు ఒక్క పూటతో పోతాయి. పెద్దలకు కూడా ఒక మాట: కుక్క కరిచిందని చెప్పిన పిల్లవాడిని కొట్టకండి. కొడితే రెండోసారి వాడు చెప్పడు. ఇంటికి తెచ్చిన కుక్కపిల్లను మొదటి వారంలోనే పశువైద్యుడికి చూపించాలి. నులిపురుగుల మందు, ఇతర టీకాలు సకాలంలో వేయించాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తరువాత ఏటా ఒకసారి మళ్ళీ వేయించాలి. ఇది చేయలేని ఇంటికి కుక్కను పెంచే అర్హత లేదు.

మన తీరప్రాంతం వారు ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. అదే తుపాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను కూడా ముంచెత్తింది. అలాంటి రాత్రి ఇల్లు వదిలి వెళ్ళమని దండోరా వేస్తే మీ కుక్క ఎక్కడికి వెళ్తుంది? గొలుసుతో కట్టేసి మీరు వెళ్ళిపోతే నీళ్ళు పెరిగినప్పుడు అది పారిపోలేదు. వెంట తీసుకువెళ్ళే వీలుంటే మెడతాడు, టీకాల చీటీ, రెండు రోజుల తిండి ఒక సంచిలో పెట్టుకోవాలి. అసలు వీలే లేకపోతే కట్టు విప్పి వెళ్ళాలి. ఈ నిర్ణయాన్ని గాలి మొదలయ్యాక కాదు, కుక్కపిల్లను తెచ్చే రోజే తీసుకోవాలి.

ఇంత ముందుచూపు ఎందుకంటారా? ముందు ఆలోచించని ఇళ్ళు చివరకు ఏం చేస్తాయో చూస్తున్నాం కదా. కుక్కపిల్ల ఆరు నెలలకు పెద్దదవుతుంది. చెప్పులు కొరుకుతుంది. ముద్దు తగ్గుతుంది. ఆడకుక్క అయితే ఏడాదిలోపే ఈనుతుంది. అప్పుడు ఒక రాత్రి దాన్ని తీసుకుపోయి దూరపు వీధిలోనో, సంత దగ్గరో, సముద్రం ఒడ్డునో వదిలేస్తారు. "ఒడ్డున చేపలు దొరుకుతాయి, ఎలాగో బతుకుతుందిలే" అని మనసుకు సర్దిచెప్పుకుంటారు.

ఆ "ఎలాగో" ఎలాంటిదో ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర చూడవచ్చు. పురుణబంధ, గోఖరకుద, పొడంపేట పల్లెల దగ్గరి ఇసుక మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వేలాదిగా వస్తాయి. 2023లో అక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. ఒక్కొక్క తాబేలు సుమారు వంద గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఈలోగా ఒడ్డున తిరిగే దిక్కులేని కుక్కలు ఆకలికి ఆ గూళ్ళను తవ్వుతాయి. బయటికి వచ్చిన పసికూనలను కూడా తింటాయి. అందుకే అటవీ శాఖవారు అక్కడ వలలు కట్టి కాపలా కాస్తారు. మన తీరంలోని తెలుగు మత్స్యకారులకు ఈ సంగతి బాగా తెలుసు. భేట్నయి ప్రాంతంలో ఊరివారు ప్రాణప్రదంగా కాపాడుకునే కృష్ణజింకలకు కూడా ఊరూరా తిరిగే కుక్కల బెడద ఉంది. ఇందులో తప్పు కుక్కదా? ఆకలి దాని చేత ఆ పని చేయిస్తోంది. దాన్ని అక్కడ వదిలి వచ్చినవాడు ఇంట్లో హాయిగా నిద్రపోతున్నాడు.

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరం. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచి, తిప్పకపోవడం కూడా నేరమే. ప్రాణుల పట్ల దయ కలిగి ఉండడం ప్రతి పౌరుని విధి అని మన రాజ్యాంగం 51-ఎ అధికరణంలో చెప్పింది. 2025లో వీధికుక్కల సమస్య సుప్రీంకోర్టులో విచారణకు వచ్చినప్పుడు దేశమంతటా వాదోపవాదాలు జరిగాయి. అన్నిటినీ పట్టి తరలించాలని కొందరు, అలా చేయడం క్రూరమని కొందరు వాదించారు. కుక్క కరిచిన బిడ్డ తల్లి బాధా నిజమే, రోజూ అన్నం పెట్టేవారి జాలీ నిజమే. కాని ఆ సమస్యకు ఒక మూలం మన గుమ్మాల దగ్గరే ఉంది. వదిలేసిన ప్రతి కుక్కా, ఆపరేషన్ చేయించని ప్రతి పెంపుడు కుక్కా వీధికి మరిన్ని కుక్కలను చేరుస్తాయి. ఇంటి కుక్కకు తగిన వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం వీధికి కూడా మేలు చేయడమే.

మహాభారతం చివర ధర్మరాజు కథ మీరు వినే ఉంటారు. తమ్ముళ్ళు, ద్రౌపది దారిలో పడిపోగా, ఒక కుక్క మాత్రం ఆయన వెంట వచ్చింది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచి స్వర్గానికి రమ్మన్నాడు. తనను నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి స్వర్గానికైనా రానన్నాడు ధర్మరాజు. కుక్క విశ్వాసం గురించి మనం ఎన్నో కథలు చెప్పుకుంటాం. ఈ కథ మాత్రం మనిషి విశ్వాసానికి సంబంధించినది. ధర్మరాజు వదులుకున్నది స్వర్గాన్ని. మనం కొరికిన చెప్పుల జతను చూసి మాట తప్పుతున్నాం.

అన్నీ ఆలోచించాక మీ ఇంట్లో "ఇప్పుడు వద్దు" అని తేలితే చిన్నబుచ్చుకోకండి. అద్దె ఇల్లు, పసిబిడ్డ, మంచాన ఉన్న పెద్దవారు, వలస ఇవన్నీ సరైన కారణాలే. కుక్క మీద ప్రేమ చూపడానికి దాన్ని ఇంట్లోనే పెంచనక్కరలేదు. వేసవిలో గుమ్మం పక్క మట్టి మూకుడులో నీళ్ళు పెట్టవచ్చు. మిగిలిన అన్నాన్ని చెత్తకుప్పలో పారేయకుండా పెద్దల అనుమతితో ఒక శుభ్రమైన చోట పెట్టవచ్చు. మీ వీధి కుక్కలకు టీకాలు, ఆపరేషన్లు చేయించమని పెద్దల చేత పురపాలక సంఘానికి అర్జీ రాయించవచ్చు. దీపావళి నాడు కుక్క తోకకు టపాకాయలు కట్టే తోటివారిని ఆపవచ్చు. మనకన్నా ఎంతో సున్నితమైన చెవులున్న ఆ ప్రాణికి ఆ రాత్రి ఎంత భయంకరమో వారికి చెప్పవచ్చు.

"సరే, తెద్దాం" అని తేలితే మరీ సంతోషం. అయితే తెచ్చే ముందు రోజు ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోండి. అన్నం ఎవరు పెడతారు, ముంగిలి ఎవరు కడుగుతారు, టీకాకు ఎవరు తీసుకువెళ్తారు, ఊరు వెళ్తే ఎవరికి అప్పగిస్తారు, తుపాను వస్తే ఏం చేస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. చెల్లెలి పేరు కూడా అందులో ఉండాలి. నీళ్ళ గిన్నె నింపే పని ఆమెకు ఇవ్వండి. భయం ఆ గిన్నె దగ్గరే మెల్లగా పోతుంది. ఆ కాగితం మీద అందరి పేర్లూ ఉన్న రోజున కుక్కపిల్లకు ఆ ఇంట్లో చోటు దొరికినట్టే.

అభ్యాసం

ఆలోచించి రాయండి

1. కుక్కపిల్లను తేవడం పన్నెండు, పదిహేనేళ్ళకు ఇచ్చే మాట అని రచయిత ఎందుకన్నారు?
2. పాఠంలోని కుటుంబంలో ఎవరి అభ్యంతరం బలమైనదని మీరు భావిస్తారు? కారణాలు రాయండి.
3. "కుక్కపిల్ల కన్నా ముందు దాని పని ఇంటికి రావాలి" అనే సలహాతో మీరు ఏకీభవిస్తారా? చర్చించండి.
4. ఒడ్డున వదిలేసిన కుక్కకూ ఋషికుల్య తాబేళ్ళకూ ఉన్న సంబంధం వివరించండి.
5. కుక్క కరిచినప్పుడు వెంటనే చేయవలసిన పనులను, చేయకూడని పనులను వేర్వేరుగా రాయండి.

సొంత వాక్యాలలో ప్రయోగించండి

గుమ్మం తొక్కు, మంచం ఎక్కు, కొట్టిపారేయు, చిన్నబుచ్చుకొను, మనసుకు సర్దిచెప్పుకొను.

చేయండి

మీ వీధిలో కుక్కలను పెంచుతున్న తెలుగువారిని, ఒడియావారిని కలిసి, వారు కుక్కను ఏ మాటలతో పిలుస్తారో, ఊరు వెళ్ళేటప్పుడు ఎవరికి అప్పగిస్తారో తెలుసుకుని తరగతిలో చెప్పండి.